60 అంతస్తుల టవర్‌కి సెన్సర్లు: ఎన్ని, ఎక్కడ, అసలు ఎందుకు?

స్లాబ్‌సైకిల్
అందరికీ నమస్కారం. స్ట్రక్చరల్ డిజైన్‌లో నాలుగేళ్ల అనుభవం నాది, ఇప్పటిదాకా 25 అంతస్తులు దాటి పని చెయ్యలేదు. ఇప్పుడు ఒక 60 అంతస్తుల కాంక్రీటు టవర్ వచ్చింది, 220 మీటర్ల ఎత్తు, మధ్యలో కోర్ (లిఫ్టులు, మెట్ల చుట్టూ ఉండే కాంక్రీటు గోడల పెట్టె), రెండు చోట్ల అవుట్‌రిగ్గర్లు (కోర్‌ని బయటి కాలమ్‌లతో కలిపే బలమైన చేతులు). డిజైన్ సీనియర్లు చూసుకుంటున్నారు, నాకు మాత్రం "హెల్త్ మానిటరింగ్ ప్లాన్ ఒకటి రాసుకురా" అని అప్పజెప్పారు, అంటే భవనం ఎలా ఉందో సెన్సర్లతో కనిపెట్టుకునే ప్లాన్. కూర్చుని లెక్కేస్తే 214 సెన్సర్లు తేలాయి. ప్రతి ఐదో అంతస్తులో కాలమ్‌లకి స్ట్రెయిన్ గేజ్‌లు (పొడవు ఎంత మారిందో కొలిచేవి), ప్రతి పదో అంతస్తులో యాక్సిలరోమీటర్లు (ఊపు త్వరణం కొలిచేవి), పైన జీపీఎస్, గాలి వేగం కొలిచే మీటరు. గ్వాంగ్‌జౌలోని కాంటన్ టవర్‌లో 600కి పైగా పెట్టారని చదివాను, ఆ లెక్కన నాది తక్కువే అనుకున్నా. సీనియర్ చూసి నవ్వి ఊరుకున్నారు. ఎందుకు నవ్వారో చెప్పలేదు. మీరైనా చెప్తారా?

పాతకాలమ్
నవ్వింది అంకె చూసి కాదనుకుంటా. ఆ షీట్‌లో ఒక్కో సెన్సర్ పక్కన "ఈ రీడింగ్ ఇంత మారితే ఎవరు ఏం చేస్తారు" అనే గడి ఉందా? లేకపోతే అది ప్లాన్ కాదు, కొనుగోలు జాబితా.

కాంటన్ టవర్‌తో పోల్చుకోవద్దు. అది 600 మీటర్లు, నడుము దగ్గర సన్నబడి మెలితిరిగిన ఉక్కు గొట్టాల జాలీ, అలాంటిది అంతకు ముందు ఎవరూ కట్టి చూసింది కాదు. కట్టేటప్పుడు ప్రతి దశలో ఆకారం సరిగ్గా వస్తోందా అని తెలుసుకోవాలి, కట్టాక తుఫానులో ఎలా ఊగుతుందో తెలుసుకోవాలి. విశ్వవిద్యాలయాల వాళ్లు ఆ డేటా మీద ఏళ్ల తరబడి పని చేశారు. మీ టవర్‌కి అడగాల్సిన ప్రశ్నలు నాలుగో అయిదో ఉంటాయి, ముందు అవి రాయండి.

ఇక కాలమ్‌లలో స్ట్రెయిన్ గేజ్‌ల గురించి. ఉదాహరణకి కాలమ్‌లో ఒత్తిడి 12 మెగాపాస్కల్ అనుకోండి, కాంక్రీటు సాగుగుణకం 35 గిగాపాస్కల్. కాలమ్ పొట్టిగా అయ్యేది మీటరుకి 0.34 మిల్లీమీటర్లు, అంటే సుమారు 340 మైక్రోస్ట్రెయిన్ (పొడవులో పది లక్షల్లో 340 వంతులు). మూడేళ్ల తర్వాత గేజ్ 900 చూపిస్తుంది. భారం మూడింతలు అయిందా? కాలేదు. మిగతాదంతా క్రీప్ (అదే భారం కింద ఏళ్ల తరబడి మెల్లగా అణగడం), ఆరి కుంచించుకుపోవడం. గేజ్ చెప్పేది స్ట్రెయిన్, మనకి కావాల్సింది ఒత్తిడి, మధ్యలో కాంక్రీటు వయసు, తేమ, ఉష్ణోగ్రత అన్నీ కూర్చుని ఉంటాయి. ఇవి విడదీయడానికి భారం పడని చిన్న కాంక్రీటు దిమ్మెలో అదే పోతతో ఇంకో గేజ్ పెట్టుకోవాలి. మీ 214లో అలాంటిది ఒక్కటైనా ఉందా?

డేటాదాహం
పాతకాలమ్ గారితో నేను కొంచెం గొడవ పడతాను. సెన్సర్ పోత పోసేటప్పుడు పెట్టకపోతే తర్వాత పెట్టలేం. పదేళ్ల తర్వాత ఏ ప్రశ్న వస్తుందో ఇప్పుడే ఎవరికి తెలుసు? కాంక్రీటు లోపల పెట్టేవి ఎక్కువే పెట్టుకోవాలి, సగం చచ్చిపోతాయి కూడా. వైబ్రేటర్ నీడిల్ తగిలి వైరు తెగిన గేజ్‌లు నేను ఎన్ని చూశానో!

పాతకాలమ్
నిజమే, లోపల పెట్టేవాటికి ఆ వాదన ఒప్పుకుంటా. కానీ అన్ని కాలమ్‌లకీ కాదు. అవుట్‌రిగ్గర్ తగిలే కాలమ్‌లకి, కింద బదిలీ బీమ్‌లు (పై కాలమ్‌ల భారాన్ని పక్కకి మళ్లించేవి) మోసే వాటికి, కోర్ మొదట్లో రెండు చోట్ల పెడితే చాలు. మిగతా కాలమ్‌లు కూడా ఇవి చెప్పేదే చెప్తాయి.

సిటీకార్ప్ కథ గుర్తు చేసుకోండి. న్యూయార్క్‌లో 1977లో పూర్తయిన 59 అంతస్తుల భవనం. కాళ్లు మూలల్లో కాకుండా ముఖాల మధ్యలో ఉంటాయి. వికర్ణ బ్రేసింగ్‌లో వెల్డింగ్ బదులు బోల్టులు వాడారని, మూల మీద నుంచి వచ్చే గాలికి ఆ జాయింట్లు చాలవని 1978లో దాన్ని డిజైన్ చేసిన విలియం లెమెషూరియరే లెక్కలు తిరిగి చూసుకుని గుర్తించాడు. రాత్రిళ్లు జాయింట్ల మీద రెండంగుళాల ఉక్కు పలకలు వెల్డ్ చేశారు, ఊళ్లో జనానికి 1995 దాకా విషయం తెలియదు. ఆ తప్పుని 214 కాదు, 2000 సెన్సర్లు పెట్టినా పట్టుకోలేవు, ఎందుకంటే ఆ గాలి వచ్చేదాకా భవనం బాగానే ఉంటుంది. రిపేరు రోజుల్లో మాత్రం స్ట్రెయిన్ గేజ్‌లు పెట్టారు, ఎందుకంటే అప్పటికి అడగాల్సిన ప్రశ్న చేతిలో ఉంది.

సెమిస్టర్_6
మధ్యలో వస్తున్నందుకు క్షమించండి. సివిల్ మూడో సంవత్సరం చదువుతున్నా. ఎత్తయిన భవనం పీరియడ్‌కి (ఒకసారి అటూ ఇటూ ఊగడానికి పట్టే సమయానికి) ఒక చిటికె లెక్క చెప్పారు, ఫ్రీక్వెన్సీ అంటే 46ని ఎత్తుతో భాగించడం. స్లాబ్‌సైకిల్ గారి టవర్‌కి 46/220, అంటే 0.21 హెర్ట్జ్, 4.8 సెకన్లు. బాగానే ఉంది. బుర్జ్ ఖలీఫా 828 మీటర్లకి వేస్తే 18 సెకన్లు వస్తోంది, కానీ అది 11 సెకన్లే అంటున్నారు. లెక్క తప్పా, భవనం తప్పా?

గాలిపటం
రెండూ తప్పు కాదు తమ్ముడూ. ఆ 46 అనేది మామూలు ఎత్తు భవనాలని కొలిచి, చుక్కల మధ్య గీసిన గీత. చుక్కలు లేని చోటికి గీత పొడిగిస్తే ఇలాగే ఉంటుంది. బుర్జ్ ఖలీఫా కింద వెడల్పుగా మొదలై పైకి వెళ్లేకొద్దీ సన్నబడుతుంది, పైన బరువు తక్కువ. మూడు రెక్కలు మధ్యనున్న ఆరు పలకల కోర్‌ని మూడు వైపుల నుంచీ ఆనిస్తాయి. పైన తేలిక, కింద గట్టి, అందుకే పీరియడ్ తగ్గుతుంది. తైవాన్‌లోని తైపీ 101 కూడా అంతే, 508 మీటర్లకి నీ లెక్క 11 సెకన్లు ఇస్తుంది, అసలుది 7కి కాస్త అటూ ఇటూ.

ఎలాగూ వచ్చాను కాబట్టి గాలి గురించి నాలుగు మాటలు, నేను విండ్ టన్నెల్‌లో (నమూనాల మీదికి గాలి వదిలి పరీక్షించే సొరంగంలో) పని చేసినవాణ్ని. కొత్తవాళ్లు గాలి భవనాన్ని నెడుతుందని మాత్రమే అనుకుంటారు. ఎత్తయిన భవనాల్లో చాలాసార్లు గాలికి అడ్డంగా వచ్చే ఊపే డిజైన్‌ని శాసిస్తుంది. గాలి భవనం పక్కల నుంచి జారిపోతూ ఒకసారి ఎడమ, ఒకసారి కుడి సుడులు వదులుతుంది, ఒక్కో సుడి తన వైపుకి కాస్త లాగుతుంది. ఆ లాగుడు లయ భవనం సొంత లయతో కలిసిందా, ఇక ఊయల ఊపినట్టే. నిలువునా ఒకే వెడల్పు ఉన్న భవనానికి అన్ని అంతస్తుల్లోనూ సుడులు ఒకేసారి విడిపోతాయి. అందుకే ఆకారం చెడగొట్టాలి. బుర్జ్‌లో ఒక్కో రెక్క ఒక్కో ఎత్తులో వెనక్కి తగ్గుతూ మెట్లు మెట్లుగా పోతుంది కదా, అది అందం కోసమే అనుకుంటే పొరపాటు, ప్రతి ఎత్తులోనూ వెడల్పు వేరైతే సుడులకి ఒక తాళం కుదరదు. దాని కోసం 40కి పైగా టన్నెల్ పరీక్షలు చేశారు, భవనాన్ని ఏ దిక్కుకి తిప్పి నిలబెట్టాలో కూడా వాటిని బట్టే మార్చారు. ఇంత చేశాక డ్యాంపర్ (ఊపుని తగ్గించే పరికరం) అవసరమే రాలేదు. షాంఘై టవర్ 632 మీటర్లు, పైకి వెళ్లేసరికి 120 డిగ్రీలు మెలి తిరుగుతుంది, ఆ మెలికతో గాలి భారం 24 శాతం తగ్గింది. న్యూయార్క్‌లో 432 పార్క్ అవెన్యూ కొన్ని అంతస్తులని ఖాళీగా వదిలేసింది, గాలి మధ్యలోంచి దూరిపోవడానికి.

41వ_ఫ్లోర్
నేను ఇంజనీర్ని కాదు, అలాంటి భవనంలో 41వ అంతస్తులో ఉంటున్నా. గాలి గట్టిగా వీచిన రాత్రి కమోడ్‌లో నీళ్లు అటూ ఇటూ ఊగుతాయి. గోడల్లోంచి కిర్రు కిర్రుమని చప్పుడు, ఆరేడు సెకన్లకోసారి, అచ్చం పడవలో పడుకున్నట్టు. లిఫ్టు నెమ్మదిస్తుంది. మెయింటెనెన్స్ వాళ్లని అడిగితే "ఏం కాదు సార్" అంటారు తప్ప ఎందుకు ఏం కాదో చెప్పరు. టెన్షన్‌తో నిద్ర పట్టదు. నిజంగా ఏం కాదా?

గాలిపటం
ఆ చప్పుడు కోర్‌ది కాదు, జిప్సం గోడలు, ఫాల్స్ సీలింగ్ ఫ్రేములు ఒకదానికొకటి రాసుకోవడం. అంతస్తుకీ అంతస్తుకీ మధ్య కొన్ని మిల్లీమీటర్ల జరుగుడికే అవి అరుస్తాయి. లిఫ్టు సంగతి ఇంకా సరదాగా ఉంటుంది. పొడుగాటి రోపులకి కూడా సొంత లయ ఉంటుంది, క్యాబిన్ ఏదో ఒక ఎత్తులో ఉన్నప్పుడు ఆ లయ భవనం లయతో కలుస్తుంది, అప్పుడు రోపు షాఫ్ట్ గోడలకి కొట్టుకుంటుంది. అందుకే గాలి రోజుల్లో వేగం తగ్గిస్తారు, లేదా ఆపేస్తారు. అది సక్రమంగా పనిచేస్తున్న వ్యవస్థ, దానికి భయపడక్కర్లేదు.

మనిషికి తెలిసేది కదలిక కాదు, త్వరణం. 5 సెకన్ల పీరియడ్‌తో భవనం 5 సెంటీమీటర్లు అటూ ఇటూ ఊగితే సుమారు 8 మిల్లీ-జి (ఒక మిల్లీ-జి అంటే గురుత్వ త్వరణంలో వెయ్యో వంతు). చాలామందికి 5 దాటితే తెలిసిపోతుంది. డిజైన్‌లో ఇళ్లకి పదేళ్లకోసారి వచ్చే గాలికి 15 నుంచి 18 మిల్లీ-జి దాకా ఒప్పుకునే ఆనవాయితీ ఉంది, ఆఫీసులకి ఇంకాస్త ఎక్కువ, ఎందుకంటే అక్కడ ఎవరూ పడుకోరు (పడుకోకూడదు). అంటే భవనం బలం అయిపోయేలోపు చాలా ముందే మన కడుపులో తిప్పుతుంది. ఎత్తయిన భవనాల డిజైన్ చాలా మటుకు బలం గురించి కాదు, ఈ ఊపు గురించే.

సెమిస్టర్_6
మరి తైపీ 101లో ఊపు తగ్గించడానికి వేలాడదీసిన ఆ పెద్ద గుండు? దాన్ని ఎలా లెక్కేస్తారు?

గాలిపటం
అది నువ్వే లెక్కేయగలవు. మామూలు లోలకం సూత్రం. భవనం పీరియడ్ 6.8 సెకన్లు అనుకో, దానితో శ్రుతి కలవాలంటే లోలకం పొడవు 11.5 మీటర్లు రావాలి. గుండు 87వ అంతస్తు ప్రాంతంలో ఉంటే దాని తాళ్లు 92 దగ్గర మొదలవడం అందుకే. బరువు 660 టన్నులు, అడ్డం 5.5 మీటర్లు, అంత పెద్ద గుండుని క్రేన్ ఎత్తలేదు కాబట్టి 41 ఉక్కు పలకల్ని పైకి తీసుకెళ్లి అక్కడే పేర్చి వెల్డ్ చేశారు. భవనం ఒక వైపు వెళ్తే గుండు వెనకబడుతుంది, ఆ తేడాని కిందనున్న ఆయిల్ సిలిండర్లు వేడిగా మార్చేస్తాయి. 2015లో సౌడెలర్ తుఫానులో అది మధ్య నుంచి ఒక మీటరు దాకా కదిలింది.

పునాది_పిచ్చి
అందరూ పైకే చూస్తున్నారు, కింద ఎవరూ చూడట్లేదు కాబట్టి నేను వచ్చా. స్లాబ్‌సైకిల్, మీ ప్లాన్‌లో రాఫ్ట్ (భవనం మొత్తం కింద ఉండే మందపాటి పునాది పలక) కుంగడం కొలిచే పాయింట్లు ఎన్ని? నాకు తెలుసు, సున్నా.

శాన్‌ఫ్రాన్సిస్కోలో మిలీనియం టవర్ 58 అంతస్తులు, కాంక్రీటు కాబట్టి బరువు, పైల్స్ (భూమిలోకి దింపే పునాది స్తంభాలు) గట్టి రాతి దాకా పోకుండా ఇసుక పొరలో ఆగాయి. 2009లో తెరిస్తే 2016కల్లా 16 అంగుళాలు కుంగి ఒక పక్కకి ఒరిగిందని బయటపడింది. సమానంగా కుంగితే పైపులు, మెట్లు దగ్గర తంటాలే తప్ప భవనానికి పెద్దగా ఏం కాదు. ఒక మూల ఎక్కువ కుంగితేనే అసలు సమస్య. దాన్ని సరిచేయడానికి రెండు వైపులా రాతి దాకా కొత్త పైల్స్ దింపుతుంటే 2021లో ఆ పని వల్లే కుంగుడు ఇంకా పెరిగింది, కొలతలు చూసి పని ఆపారు, పద్ధతి మార్చారు, చివరికి 18 పైల్స్‌తో 2023లో ముగించారు. పాతకాలమ్ గారు అడిగిన గడి అదే, రీడింగ్ ఇంత దాటితే పని ఆపాలి. రాఫ్ట్ మీద ఎనిమిది పది లెవెల్ పాయింట్లు, నాలుగు టిల్ట్ మీటర్లు పెట్టండి, మొదటి స్లాబ్ నుంచే చదవడం మొదలెట్టండి. భవనం పూర్తయ్యాక మొదలెడితే సగానికి పైగా కుంగుడు అప్పటికే అయిపోయి ఉంటుంది, మీకు సున్నా ఎక్కడో కూడా తెలీదు.

డేటాదాహం
సున్నా మాట వచ్చింది కాబట్టి, ఫ్రీక్వెన్సీకి కూడా అదే సమస్య. "ఫ్రీక్వెన్సీ తగ్గితే డ్యామేజ్" అని పుస్తకాల్లో రాసేస్తారు. కాలిఫోర్నియాలోని కాల్‌టెక్ విశ్వవిద్యాలయంలో మిలికాన్ లైబ్రరీ అని (ఇప్పుడు కాల్‌టెక్ హాల్ అంటున్నారు) తొమ్మిదంతస్తుల కాంక్రీటు భవనం ఉంది, 1960ల నుంచి కొలుస్తున్నారు. భూకంపాలకి దాని తూర్పు-పడమర ఫ్రీక్వెన్సీ మొత్తమ్మీద 20 శాతానికి పైగా తగ్గింది, అయినా నిలబడే ఉంది. సరదా ఏంటంటే, గట్టి వాన పడితే అదే ఫ్రీక్వెన్సీ కొద్ది శాతం పెరుగుతుంది! ఎండకీ, గాలికీ కూడా మారుతుంది. చిన్న డ్యామేజ్ వల్ల వచ్చే మార్పు చాలాసార్లు అంతకన్నా తక్కువ, ఈ రోజువారీ ఊగిసలాట కింద అది మునిగిపోతుంది. కనీసం ఏడాది పాటు డేటా, ఉష్ణోగ్రతతో సహా, ఉంటే తప్ప మారిందో లేదో చెప్పలేం.

పాతకాలమ్
ఇది బంగారం లాంటి మాట. సెన్సర్ "దెబ్బ తగిలింది" అని చెప్పదు, "మారింది" అని మాత్రమే చెప్తుంది. ఎందుకు మారిందో మనిషి వెళ్లి చూడాలి.

2021 మే 18న షెన్‌జెన్‌లో ఎస్ఈజీ ప్లాజా ఊగడం మొదలెట్టింది. 70కి పైగా అంతస్తులు, ఇరవై ఏళ్లుగా నిలబడ్డ భవనం, ఆ రోజు పెద్ద గాలి కూడా లేదు, భూకంపం లేదు. జనం వీధిలోకి పరుగు. ఎక్కడ వెతికినా కాలమ్‌లో బీమ్‌లో పగులు లేదు. చివరికి దొరికింది పైకప్పు మీది పొడుగాటి స్తంభాలు, మోస్తరు గాలికి వాటి చుట్టూ సుడులు కట్టి అవి ఊగి, కింద భవనాన్ని లయలోకి లాగాయి. తోక పట్టుకుని ఏనుగుని ఊపినట్టు. స్తంభాలు కోసేశారు, సెప్టెంబరులో మళ్లీ తెరిచారు. 2011లో సియోల్‌లో 39 అంతస్తుల టెక్నోమార్ట్ ఇంకా విడ్డూరం, 12వ అంతస్తు జిమ్‌లో 17 మంది ఒకే తాళంలో వ్యాయామం చేస్తుంటే పై అంతస్తుల వాళ్లు భూకంపమనుకుని దిగొచ్చారు. ఇలాంటప్పుడు పైన మూడే మూడు మంచి యాక్సిలరోమీటర్లు ఉన్నా గంటలో తేలిపోతుంది, ఊపు ఏ ఫ్రీక్వెన్సీలో ఉంది, కిందనుంచి వచ్చిందా పైనుంచా అని.

స్లాబ్‌సైకిల్
అందరికీ థాంక్స్. మొత్తం చింపేసి మళ్లీ రాశా. ఇప్పుడు 46 సెన్సర్లు. టెర్రస్ మీద జీపీఎస్, గాలి మీటరు. పై అంతస్తులో మూడు యాక్సిలరోమీటర్లు, మళ్లీ 47వ అంతస్తులో మూడు (అక్కడ అవుట్‌రిగ్గర్ ఉంది, సర్వీస్ ఫ్లోర్ కాబట్టి చోటు దొరుకుతుంది), బేస్‌మెంట్‌లో ఒకటి. మిగతావి అవుట్‌రిగ్గర్ కాలమ్‌లు, రాఫ్ట్. ప్రతిదానికీ గడి నింపాను.

పాతకాలమ్
బాగుంది, ఒక్క చోట తప్ప. కింద బిగించిన నిలువు కడ్డీ రెండో మోడ్‌లో (నడుము ఒకవైపు, కొస ఇంకోవైపు పోయే ఊపులో) ఊగినప్పుడు ఎత్తులో 78 శాతం దగ్గర ఒక బిందువు అసలు కదలదు. 60లో 78 శాతం ఎంత? 47. ప్రపంచంలో ఉన్న అంతస్తులన్నీ వదిలి కదలని అంతస్తులోనే పెట్టారు :) 30కి దింపండి, రెండో మోడ్ అక్కడే బాగా కదులుతుంది. ఒక అంతస్తులో మూడు పెట్టేటప్పుడు ఒకే దిక్కుకి చూసేవి రెండు ఎదురెదురు చివరల్లో ఉండాలి, అప్పుడే మెలితిప్పే కదలిక తెలుస్తుంది. అన్నిటి గడియారాలూ ఒకటే ఉండాలి. జీపీఎస్ ఉంచండి, గాలి నెట్టి ఒక పక్కకి వంచి పట్టుకున్న వంపు యాక్సిలరోమీటర్‌కి కనపడదు, షికాగోలో 2002 నుంచి ఒక ఎత్తయిన భవనానికి రెండూ కలిపి పెట్టింది అందుకే.

స్లాబ్‌సైకిల్
మూడేళ్ల తర్వాత పాత చర్చని లేపుతున్నా, తిట్టుకోకండి. టవర్ పైకప్పు దాకా కట్టడం పూర్తయింది, సెన్సర్లు నడుస్తున్నాయి, రెండు చిక్కులు. ఒకటి, కంప్యూటర్ మోడల్‌లో మొదటి పీరియడ్ 5.6 సెకన్లు, కొలిస్తే 4.7. రెండు, 30వ అంతస్తు గ్రాఫులో 0.83 హెర్ట్జ్ దగ్గర సూది మొనలాంటి శిఖరం. మోడల్‌లో రెండో మోడ్ 0.8కి దగ్గర్లోనే ఉంది కాబట్టి అదే అని రిపోర్టులో రాసేశా. కానీ అది కాసేపు ఉంటుంది, కాసేపు మాయమవుతుంది.

పాతకాలమ్
మొదటిదానికి కంగారు పడొద్దు, ఎప్పుడూ ఇంతే. ఫ్లోరింగ్, సామాను, జనం ఇంకా రాలేదు కాబట్టి బరువు తక్కువ. కాంక్రీటు అసలు గట్టిదనం కాగితం మీద రాసుకున్నదాని కన్నా ఎక్కువ. మోడల్‌లో కోర్ గోడలు పగిలినట్టు లెక్కేసి బిగువు తగ్గించారు, చిన్న గాలికి అవి పగల్లేదు. పైగా గదుల మధ్య గోడలు మోడల్‌లో లేవు, భవనంలో ఉన్నాయి. జనం చేరాక, ఒక పెద్ద గాలి వచ్చాక మళ్లీ చూడండి.

డేటాదాహం
రెండోది నాకు వదిలేయండి. శాంప్లింగ్ ఎంత, అంటే సెకనుకి ఎన్ని రీడింగులు? ఆ అంతస్తులో పంపు ఏమైనా ఉందా?

స్లాబ్‌సైకిల్
50 హెర్ట్జ్. బూస్టర్ పంపులున్నాయి, ప్లేటు మీద నిమిషానికి 2950 చుట్లు.

డేటాదాహం
2950ని 60తో భాగిస్తే 49.17. సెకనుకి 50 సార్లే చూసేవాడికి 49.17 సార్లు ఊగేది, 50లోంచి తీసెయ్యండి, 0.83గా కనిపిస్తుంది. తిరిగే బండి చక్రం నెమ్మదిగా వెనక్కి పోతున్నట్టు వీడియోలో కనపడదూ, అదే. నిజం మోడ్ అయితే డ్యాంపింగ్ (ఊపు తనంతట తను తగ్గిపోవడం) వల్ల శిఖరం కాస్త లావుగా ఉంటుంది, సూది మొన చూసినప్పుడే అనుమానం రావాలి. రికార్డర్‌లో యాంటీ-ఏలియాసింగ్ ఫిల్టర్ (ఇలా వేషం మార్చుకొచ్చే వేగమైన ఊపుల్ని ముందే ఆపేది) ఎవరో ఆపేసి ఉంటారు, చూడండి.

స్లాబ్‌సైకిల్
ఆపే ఉంది. ఆన్ చేశాం, సూది పోయింది. దాని పక్కన 0.91 దగ్గర పొట్టిగా, లావుగా ఒకటి మిగిలింది, పంపులు ఆపినా ఉంది. రిపోర్టు మార్చి పంపా. ఆఫీసులో మాత్రం ఆ పంపు పేరు రెండో మోడ్ అనే స్థిరపడిపోయింది.